పదోన్నతి ఫారం నింపే ముందు: జీవశాస్త్ర బోధన పరిశోధకులు సైటేషన్ల లెక్క ఎలా చూసుకోవాలి

ఏటా దరఖాస్తుల కాలం రాగానే నాకు ఒకే రకం ఫోన్లు వస్తాయి. చేసేది బెంగళూరులో ఏదో ఒక కాలేజీలో వృక్షశాస్త్రమో జంతుశాస్త్రమో చెబుతూ, ఆ పాఠం పిల్లలకు ఎంతవరకు ఎక్కుతోందో కూడా పరిశోధించే తెలుగు అధ్యాపకులు. "గూగుల్ స్కాలర్‌లో నా హెచ్-ఇండెక్స్ తొమ్మిది చూపిస్తోందండీ, స్కోపస్‌లో నాలుగే ఉంది. ఫారంలో ఏది రాయమంటారు?" అని అడుగుతారు. (సైటేషన్ అంటే మన పేపరును మరో పేపరులో ఉటంకించడం. గూగుల్ స్కాలర్, స్కోపస్ వాటిని లెక్కపెట్టే డేటాబేస్‌లు. హెచ్-ఇండెక్స్ 4 అంటే కనీసం నాలుగేసి సైటేషన్లున్న పేపర్లు నాలుగు ఉన్నాయని.) రెండూ రాయండి, ఏది ఎక్కడిదో, ఏ తేదీన చూశారో పక్కనే రాయండి అంటాను. నిజానికి అసలు చిక్కు అక్కడ లేదు. ఆ తొమ్మిదిలో ఇతరుల పేపర్లు ఎన్ని కలిశాయో, ఆ నాలుగులోంచి తమవే ఎన్ని జారిపోయాయో చూసుకున్నవాళ్లు అరుదు. ఆ చూసుకునే పద్ధతే ఇక్కడ చెబుతున్నాను. ఒక ఆదివారం పూర్తిగా, మరో రెండు మూడు సాయంత్రాలు కేటాయించుకోండి.

మొదలుపెట్టే ముందు మన రంగం తీరు ఒకసారి గుర్తు చేసుకోవాలి. జీవశాస్త్ర విభాగంలో మనల్ని విద్యావాళ్లు అంటారు, విద్యాశాఖకు వెళితే జీవశాస్త్రంవాళ్లు అంటారు. పేపర్ల పరిస్థితీ అంతే, రెంటికీ చెడ్డ రేవడి. ఒకటి అమెరికన్ సొసైటీ ఫర్ సెల్ బయాలజీ 2002లో మొదలుపెట్టిన సీబీఈ లైఫ్ సైన్సెస్ ఎడ్యుకేషన్‌లో వస్తుంది (అప్పట్లో దాని పేరు సెల్ బయాలజీ ఎడ్యుకేషన్). ఇంకొకటి బ్రిటన్‌లోని రాయల్ సొసైటీ ఆఫ్ బయాలజీ వారి జర్నల్ ఆఫ్ బయలాజికల్ ఎడ్యుకేషన్‌లో, మరొకటి మన బెంగళూరు సదాశివనగర్ నుంచే ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ 1996 నుంచి తెస్తున్న రెజొనెన్స్‌లో. వైద్య, జీవశాస్త్రాల వైపు వెతికేవాళ్లు పబ్‌మెడ్ తెరుస్తారు. విద్య వైపువాళ్లు ఎరిక్ అనే డేటాబేస్ తెరుస్తారు. మీ పేపర్లన్నీ ఒకేచోట కనిపించే కిటికీ ఏదీ లేదని ముందే ఒప్పుకుంటే సగం చిరాకు తగ్గుతుంది.

మొదట కాగితం, తర్వాత కంప్యూటర్

ఇంటర్నెట్ తెరవకుండా మీ పేపర్ల జాబితా మీరే రాయండి. జర్నల్ వ్యాసాలు, పుస్తకాల్లో అధ్యాయాలు, సదస్సు పత్రాలు (ముంబయిలోని హోమీ భాభా సెంటర్ నడిపే ఎపిస్టీమ్ సదస్సులో చదివినవి చాలామంది మరిచిపోతారు), ఉపాధ్యాయుల పత్రికలకు రాసినవి, తెలుగులోనో కన్నడంలోనో వచ్చినవి, అన్నీ అందులో ఉండాలి. ఒక్కో పేపరుకు ఒక్కో వరుస. శీర్షిక, సంవత్సరం, పత్రిక, సహరచయితలు, డీఓఐ సంఖ్య (ఒక్కో వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు), అచ్చులో మీ పేరు ఎలా పడింది. ఈ చివరి గడి ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

ముందే ఎందుకు రాయాలంటే, యంత్రం చూపించిన జాబితా కంటికి పడ్డాక దాన్నే నమ్మేస్తాం. మనం రాసింది అందులో లేకపోయినా గుర్తుకు రాదు.

ఇంటిపేరు తెచ్చే తంటా

అన్నిటికంటే ఎక్కువ సైటేషన్లు పోయేది ఇక్కడే. కాబట్టి ఇక్కడ తొందరపడకండి.

డేటాబేస్‌లు తయారుచేసినవాళ్ల లెక్కలో మనిషికి ముందు సొంత పేరు, చివర వంశం పేరు. మనకు ఇంటిపేరు ముందుంటుంది, అదీ చాలాసార్లు ఒక్క పొడి అక్షరంగా. వెంకటలక్ష్మి అనే అధ్యాపకురాలిని ఊహించుకోండి. ఇంటిపేరు కొండూరు. మొదటి పేపరులో కె.వి. లక్ష్మి. రెండో పేపరులో పత్రికవారు బలవంతం చేస్తే వెంకటలక్ష్మి కొండూరు. మూడోదానిలో సహరచయిత తొందరలో లక్ష్మి కె. అని పంపేశారు. దీనికి తోడు "క్ష"ను ఇంగ్లీషులో ఒకరు మూడు అక్షరాలతో, ఇంకొకరు ఒక్క ఎక్స్‌తో రాస్తారు. అచ్చులో ఇప్పుడు ఒకే మనిషి నలుగురైంది. పెళ్లి తర్వాత ఇంటిపేరు మార్చుకుని ఉంటే అయిదుగురు.

బెంగళూరులో ఇది ఇంకో మెలిక తిరుగుతుంది. మీ పక్క గది కన్నడ సహోద్యోగి పొడి అక్షరాల్లో ఒకటి ఊరు, ఒకటి తండ్రి పేరు కావచ్చు. తమిళ సహోద్యోగికి అది తండ్రి పేరు. మనకేమో ఇంటిపేరు. ముగ్గురూ కలిసి రాసిన పేపరును యంత్రం ఒకే కొలతతో కోస్తుంది, కాబట్టి ముగ్గురిలో ఎవరో ఒకరి పేరు తప్పకుండా తలకిందులవుతుంది.

మందు రెండు భాగాలు. ఇకముందు అచ్చయ్యే ప్రతి పేపరులో ఒకే రూపం, ఒకే స్పెల్లింగ్ వాడాలి. ఇంటిపేరు పూర్తిగా రాయడం మేలు, ఎందుకంటే లక్ష్మి కె.లు వందలమంది ఉంటారు, కొండూరు వెంకటలక్ష్మిలు తక్కువ. రెండోది, ఆర్కిడ్ సంఖ్య తీసుకోండి. 2012లో మొదలైన ఈ పదహారు అంకెల గుర్తింపు పరిశోధకులకు ఉచితం. నాలుగేసి అంకెలుగా నాలుగు గుంపుల్లో ఉంటుంది. చివరి స్థానంలో అంకెకు బదులు ఎక్స్ అక్షరం వస్తే తప్పు పడిందని కంగారుపడకండి, అది సరిచూసుకోవడానికి పెట్టిన గుర్తు, అలా వస్తుంది. పేరు ఎలా పడినా ఈ సంఖ్య మీదే. జాబితాలోని పాత పేపర్లను డీఓఐ సంఖ్యతో అందులో చేర్చేయండి. మీ పేరు వేరే రూపాలను నమోదు చేసే చోటు కూడా ఉంది, తప్పక నింపండి.

గూగుల్ స్కాలర్‌ను కట్టడిలో పెట్టడం

ఇప్పుడు స్కాలర్ ప్రొఫైల్ తెరవండి. లేకపోతే తయారుచేసుకోండి. కాలేజీ ఇచ్చిన ఈ-మెయిల్‌తో ధ్రువీకరిస్తేనే మీ ప్రొఫైల్ ఇతరుల వెతుకులాటలో కనిపిస్తుంది.

మొదట చేయవలసిన పని, కొత్త పేపర్లను తనంతట తానే చేర్చే ఏర్పాటును ఆపేసి, చేర్చేముందు మిమ్మల్ని అడిగే ఏర్పాటును ఎంచుకోవడం. ఇది చేయకపోవడం వల్ల నేను పడ్డ సిగ్గు చెబుతాను. నా పేరే ఉన్న ఒక వ్యవసాయ శాస్త్రవేత్త వేరుశనగ తిక్క తెగులు మీద రాసిన పేపరు రెండేళ్లపాటు నా ప్రొఫైల్‌లో నా పేపర్లన్నిటికీ పైన కూర్చుంది. ఒక ఇంటర్వ్యూలో పెద్దాయన ఒకరు "మీకు శిలీంధ్రాలతో కూడా పరిచయం ఉందన్నమాట" అన్నప్పుడుగాని చూసుకోలేదు. అది తీసేశాక నా మొత్తం లెక్క మూడోవంతు పడిపోయింది. మనసుకు కష్టమే.

జాబితా కాగితం పక్కన పెట్టుకుని ఒక్కో వరుస సరిచూడండి. మీవి కానివి తొలగించండి. ఒకే పేపరు రెండు మూడు చోట్ల పడితే, ఉదాహరణకు ముద్రణకు ముందరి ప్రతి ఒకటి, పత్రికలోది ఒకటి, శీర్షికలో అక్షరదోషంతో మరొకటి, వాటన్నిటికీ టిక్కు పెట్టి మెర్జ్ అనే బొత్తాం నొక్కితే ఒకటవుతాయి. సైటేషన్లూ ఒకచోట చేరతాయి. ఆరు సైటేషన్లతో ఒకటి, అయిదింటితో మరొకటిగా చీలి ఉన్న పేపరు కలిశాక పదకొండై, హెచ్-ఇండెక్స్‌ను ఒక మెట్టు ఎక్కించిన సందర్భాలు చూశాను.

మిగతా రెండు మూడు కిటికీలు

స్కోపస్ చందా మీ కాలేజీకి లేకపోయినా, రచయిత పేరుతో వెతికి పేపర్ల సంఖ్య, హెచ్-ఇండెక్స్ చూసుకునే సదుపాయం ఉచితంగా ఉంది. పేరు చీలిపోయి రెండు మూడు గుర్తింపు సంఖ్యలు పడి ఉంటే కలపమని అక్కడే కోరవచ్చు. డబ్బు అడగరు. వెబ్ ఆఫ్ సైన్స్ మాత్రం చందా ఉన్న గ్రంథాలయం నుంచే పూర్తిగా చూడగలం. 2022 నుంచి నడుస్తున్న ఓపెన్‌అలెక్స్ అందరికీ ఉచితం. మైక్రోసాఫ్ట్ తన విద్యా పరిశోధన సూచికను మూసేశాక ఆ ఖాళీలోకి వచ్చింది. ప్రైవేటు కాలేజీల్లో ఉన్నవాళ్లకు నేను ముందు దీన్నే చూపిస్తాను.

సాధారణంగా స్కాలర్ అంకె అన్నిటికంటే పెద్దది, ఎందుకంటే అది థీసిస్‌లను, సదస్సు పత్రాలను, కాలేజీల సైట్లలో పెట్టిన పీడీఎఫ్‌లను కూడా లెక్కేస్తుంది. స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ తాము ఎంపిక చేసుకున్న పత్రికలు, పుస్తకాలు, సదస్సు సంపుటాలకే పరిమితం. బోధన పరిశోధనకు థీసిస్‌లూ సదస్సులూ ముఖ్యమే కాబట్టి స్కాలర్ అంకెను అతిశయోక్తిగా కొట్టిపారేయనక్కర్లేదు. వేర్వేరు చోట్ల తీసిన అంకెలను ఒకే పట్టికలో కలపడం మాత్రం చేయకండి.

కూడికలు

ఊహకు, మీ తొమ్మిది పేపర్ల సైటేషన్లు పెద్దది నుంచి చిన్నదానికి ఇలా ఉన్నాయనుకుందాం: 41, 19, 12, 7, 6, 5, 2, 1, 0. మొత్తం 93. ఇప్పుడు వరుస సంఖ్యలు వేయండి. అయిదో పేపరుకు 6 సైటేషన్లు, అంటే వరుస సంఖ్య కంటే తక్కువ లేవు. ఆరో పేపరుకు 5 మాత్రమే, వరుస సంఖ్య కంటే తక్కువ. కాబట్టి హెచ్-ఇండెక్స్ 5. పది, ఆపైన సైటేషన్లు ఉన్న పేపర్లు మూడు, కాబట్టి ఐ10-ఇండెక్స్ 3. ఇంతే లెక్క, ఎక్కాలు వచ్చినవాళ్లెవరైనా చేయగలరు.

ఇప్పుడు ఆ 41ని 400 చేసి చూడండి. హెచ్-ఇండెక్స్ కదలదు. ఆరో పేపరును ఎవరో ఒక్కరు ఉటంకించి 5ను 6 చేస్తే మాత్రం 6కు ఎక్కుతుంది. మీ జీవితంలో అందరికీ పనికొచ్చిన పేపరు ఒక్కటే ఉంటే ఈ కొలత దాన్ని చూడదన్నమాట. దీన్ని 2005లో ప్రతిపాదించిన జార్జ్ హిర్ష్ భౌతిక శాస్త్రవేత్త. జీవశాస్త్రాల్లో ఈ అంకె భౌతికశాస్త్రంలో కంటే పెద్దగా ఉంటుందని ఆయనే ఆ వ్యాసంలో రాశారు. రంగాన్ని బట్టి మారుతుందని పుట్టించినవారే చెప్పినా, మన కమిటీలు కణజీవశాస్త్రం అంకెను, బోధన పరిశోధన అంకెను ఒకే గీత కింద పెడతాయి.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ మీది కాదు, పత్రికది. గత రెండేళ్లలో ఒక పత్రిక 80 వ్యాసాలు వేసి, ఈ ఏడాది వాటికి 240 సైటేషన్లు వస్తే దాని ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 3. ఆ 240లో మీ వ్యాసానికి వచ్చినవి సున్నా కావచ్చు, డెబ్బయి కావచ్చు. ఫారంలో అడిగితే నింపండి, గడి ఖాళీగా వదిలి గొడవ పెట్టుకోవడం దేనికి. మీ సొంత మాటల్లో రాసే చోట మాత్రం దాన్ని తీసుకురాకండి. పత్రిక అంకెతో మనిషిని తూచవద్దని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన డోరా ప్రకటన అడుగుతోంది. ఎవరైనా ప్రశ్నిస్తే దాని పేరు చెప్పవచ్చు. గుర్తింపు పొందిన పత్రికల యూజీసీ కేర్ జాబితాను నిలిపివేస్తున్నట్లు 2025లోనే ప్రకటించినా దాని గడి తీసేయని ఫారాలు ఇంకా ఉన్నాయి. అలాంటిది ఎదురైతే, పేపరు అచ్చయిన నాటికి పత్రిక ఆ జాబితాలో ఉందో లేదో సంవత్సరంతో సహా రాస్తే సరిపోతుంది.

ఎవరి పక్కన నిలబడాలి

మన రంగంలో అందరూ చెప్పే పేపరు ఒకటుంది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రం చెప్పిన స్కాట్ ఫ్రీమన్, ఆయన సహచరులు 2014లో అమెరికా సైన్సెస్ అకాడమీ పత్రిక పీఎన్ఏఎస్‌లో రాసింది. 225 అధ్యయనాలను కలిపి చూసి, ఉపన్యాసం మాత్రమే వినే తరగతుల్లో సగటున 33.8 శాతం మంది తప్పితే, విద్యార్థులు చర్చిస్తూ పనిచేస్తూ నేర్చుకునే తరగతుల్లో 21.8 శాతం మందే తప్పారని తేల్చారు. దానికి సైటేషన్లు వేలల్లో ఉన్నాయి. భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, ఇంజినీరింగ్ చెప్పేవాళ్లు కూడా తమ వ్యాసం మొదటి పేరాలో దాన్నే చెబుతారు కాబట్టి అంత పెరిగింది. మల్లేశ్వరంలోని ఒక కాలేజీలో అరవై మంది పిల్లలతో కిరణజన్య సంయోగక్రియ మీద అపోహలను పరిశీలించిన మీ పేపరును దాని పక్కన పెట్టుకుని కుంగిపోవద్దు. అదే అంశం, అదే ఏడాది, అదే పత్రికలో వచ్చిన ఓ పది పేపర్లు తీసుకుని వాటి నడుమ మీది ఎక్కడ ఉందో చూడండి. నిజాయితీగా చెప్పుకోదగ్గ పోలిక ఇది. స్కోపస్ చందా ఉంటే రంగాన్ని బట్టి సవరించిన అంకె దొరుకుతుంది. అందులో 1 అంటే ప్రపంచ సగటు.

ఉటంకించినవాళ్లను చదవడం

చాలామంది ఇక్కడికి రాకముందే ఆగిపోతారు. నా మట్టుకు నాకు ఈ పనంతటిలో రుచి ఇక్కడే.

ఎక్కువ సైటేషన్లున్న మూడు నాలుగు పేపర్లు తీసుకోండి. ఒక్కోదాని కింద ఉన్న సంఖ్యను నొక్కితే వాటిని ఉటంకించిన వ్యాసాలు వస్తాయి. అన్నీ కుదరకపోతే ఇరవై తెరవండి. ప్రతి వ్యాసంలో మీ పేరు ఎక్కడ వచ్చిందో వెతికి ఆ వాక్యం, దాని ముందూ వెనకా ఒక్కో వాక్యం చదవండి. పక్కన మీరు ఒక మాట రాయాలి. నేను వాడేవి నాలుగే మాటలు: వరుసలో, వాడారు, వాదించారు, పెంచారు.

వరుసలో అంటే "ఈ విషయం మీద చాలామంది రాశారు" అని బ్రాకెట్లో ఎనిమిది పేర్లు పేర్చి అందులో మిమ్మల్నీ కూర్చోబెట్టడం. పెళ్లి భోజనాల పంక్తిలో చోటు దొరికినట్టు. తప్పేం లేదు, గొప్పా లేదు. సైటేషన్లలో ఇవే ఎక్కువగా ఉంటే నిరాశపడకండి, అందరికీ అంతే.

వాడారు అంటే మీరు తయారుచేసిన ప్రశ్నపత్రాన్నో, పాఠాన్నో, విశ్లేషణ పద్ధతినో తమ తరగతిలో నిజంగా వాడటం. జీవశాస్త్ర బోధనలో దీనికి ప్రత్యేకమైన స్థానం ఉంది. సహజ వరణంపై విద్యార్థుల అవగాహనను పరీక్షించే ఇరవై ప్రశ్నల సాధనం 2002లో వచ్చింది, జన్యుశాస్త్రానికి ఇరవై అయిదు ప్రశ్నలది 2008లో వచ్చింది. వాటిని ఉటంకించేవాళ్లలో చాలామంది ఆ ప్రశ్నలను తమ విద్యార్థుల ముందు పెట్టినవాళ్లు. మీ సాధనాన్ని అలా నలుగురు వాడినా ఫారంలో ఆ నలుగురి గురించే ముందు రాయండి. ఏ దేశం, ఏ స్థాయి విద్యార్థులు, ఏ భాషలోకి మార్చుకున్నారు, అన్నీ ఆ వ్యాసాల్లోనే దొరుకుతాయి.

వాదించారు అంటే మీ ఫలితంతో విభేదించడం. నా ఒక పేపరును ఒకరు "నమూనా చిన్నది, ఒకే కాలేజీది" అని రెండు పేరాల్లో ఉతికేశారు. అదీ ఒక సైటేషన్‌గానే లెక్కలో పడింది, మెచ్చుకున్నదానితో సమానంగా. కమిటీ ముందు దీన్ని దాచనక్కర్లేదు. రెండు పేరాలు ఖర్చుపెట్టి తిట్టారంటే చదివారన్నమాటే. పెంచారు అంటే మీరు ఆగినచోటి నుంచి ముందుకు తీసుకువెళ్లినవాళ్లు. వీళ్లు ఒక్కరు ఉన్నా మీ అదృష్టం.

మీరూ మీ సహరచయితలూ ఉటంకించుకున్నవి వేరే గడిలో వేయండి. సొంత పని మీద సొంత పని కట్టుకోవడం పాపం కాదు. స్కోపస్‌లో వాటిని తీసేసి లెక్క చూసుకోవచ్చు, స్కాలర్‌లో మీరే చేత్తో తీసుకోవాలి. నువ్వు నన్ను ఉటంకించు, నేను నిన్ను ఉటంకిస్తాను అని వాట్సాప్ గుంపుల్లో పిలుపులు వస్తుంటాయి, డబ్బు కడితే వారంలో అచ్చు వేస్తామని పత్రికలు ఈ-మెయిళ్లు పంపుతుంటాయి. రెంటినీ చెరిపేయండి.

పూర్తి వ్యాసం తెరుచుకోకపోతే దారులున్నాయి. సీబీఈ పత్రిక, రెజొనెన్స్ ఎవరైనా ఉచితంగా చదవవచ్చు. ప్రభుత్వ విద్యాసంస్థల్లో ఉన్నవారికి 2025 జనవరి నుంచి అమలవుతున్న ఒకే దేశం ఒకే చందా పథకం కింద 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 పత్రికలు అందుబాటులో ఉన్నాయి. మీ గ్రంథాలయాధికారిని అడిగి లాగిన్ తీసుకోండి. ప్రైవేటు కాలేజీవారు రచయితకే నాలుగు వాక్యాల ఉత్తరం రాయడం మేలు. ఎక్కువమంది పంపిస్తారు. కొందరితో స్నేహం కూడా కుదురుతుంది.

డేటాబేస్‌కు కనిపించనివి

అధ్యాపకులు చదువుతారు, వాడతారు, కానీ పేపర్లు రాయరు. రాయనివాళ్ల దగ్గర నుంచి సైటేషన్ ఎలా వస్తుంది? మైటోసిస్‌ను దారపు ముక్కలతో నేర్పే పద్ధతి గురించి మీరు రెజొనెన్స్‌లో రాస్తే, దాన్ని కర్నూలులోనో కోలారులోనో ఒక మేడమ్ రేపు పొద్దున్నే తరగతిలో చేసి చూపిస్తారు. స్కోపస్‌కు ఆ సంగతి ఎప్పటికీ తెలియదు. తెలుగు అకాడమీ ఇంటర్ పుస్తకంలో ఒక బొమ్మ మీ సూచన మేరకు మారినా తెలియదు.

కాబట్టి మరో పుట తెరిచి ఇవి రాసుకోండి: మీ పని ఆధారంగా జరిగిన ఉపాధ్యాయ శిక్షణ, హాజరైనవారి సంఖ్య, పాఠ్య ప్రణాళిక సంఘాల్లో చేసిన సూచన, ప్రశ్నపత్రం పంపమని వచ్చిన ఉత్తరాలు, కన్నడంలోకో తెలుగులోకో జరిగిన అనువాదం. ప్రతిదానికీ తేదీ ఉండాలి, చూపించడానికి ఒక కాగితం ఉండాలి. కాగితం లేనిది రాయకండి. ధన్యవాదాల ఈ-మెయిల్‌ను ప్రింటు తీసి ఉంచుకోవడం వింతగా అనిపించవచ్చు. నా దగ్గర ఒక ఫైలు నిండా ఉన్నాయి.

ఫారంలో రాయవలసిన పేరా

ఇప్పుడు అన్నీ చేతిలో ఉన్నాయి, ఒక్క పేరా చాలు. పైన వేసుకున్న లెక్క ప్రకారమే అయితే ఇలా ఉంటుంది: "తొమ్మిది ప్రచురణలకు గూగుల్ స్కాలర్ ప్రకారం 93 సైటేషన్లు, హెచ్-ఇండెక్స్ 5 (ఫలానా తేదీన చూసినది, నా సొంత సైటేషన్లు 8 కలిపి). అత్యధికంగా ఉటంకించిన పేపరులోని ప్రశ్నపత్రాన్ని ఆరు అధ్యయనాలు తమ విద్యార్థులపై వాడాయి, వాటిలో రెండు భారతదేశానివి. అదే ఏడాది అదే పత్రికలో ఈ అంశంపై వచ్చిన పది పేపర్లలో సైటేషన్ల రీత్యా ఇది మూడోది." ఆ తర్వాత శిక్షణ తరగతుల గురించి రెండు వాక్యాలు, స్కోపస్ అంకె మరో వాక్యంలో. విశేషణాలు వద్దు. "అంతర్జాతీయ ఖ్యాతి" లాంటి మాట ఒక్కటి పడినా చదివేవారు అంకెల్ని కూడా అనుమానిస్తారు.

స్క్రీన్ల ఫొటోలు తీసి, తేదీ పేరుగా పెట్టిన ఫోల్డరులో ఉంచండి. దరఖాస్తు ఇచ్చిన ఆరు నెలలకు పరిశీలనకు పిలిచినప్పుడు అంకె మారిపోయి ఉంటుంది, అప్పుడు ఆ ఫొటోలే సాక్ష్యం. నేను ఏటా ఉగాది సెలవు నాడు, పచ్చడి తిన్నాక, ఈ పట్టికను ఒకసారి తాజాపరుస్తాను. మొదటి ఏడాది రోజంతా పట్టింది. ఇప్పుడు మధ్యాహ్నం భోజనంలోపే అయిపోతోంది, తిక్క తెగులు పేపరు మళ్లీ వచ్చి చేరకపోతే.